ఒకే మేస్త్రీ, పదకొండు బొటనవేళ్లు

నా మాట వినేవాళ్లు లేక ఇది రాస్తున్నానని అనుకోకండి. వినేవాళ్లు చాలామందే దొరికారు. విని, తలూపి, "నోట్ చేసుకున్నాం సార్" అని లేచి వెళ్లిపోయారు. శంషాబాద్‌లో విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక సరుకు గోదాములో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ఒకామెకు జరిగిన అన్యాయం మీద నేను పెట్టిన ఫిర్యాదుకు ఇంతవరకూ జవాబు లేదు. ఎవరూ ఏమీ రాయలేదని కాదు. "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని ప్రతిసారీ రాశారు. ఎలా పరిష్కారమైందో మాత్రం ఒక్కసారీ రాయలేదు.

కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇది చదవాలి. మీ పైవాళ్లు కూడా చదవాలి గానీ, వాళ్లు చదవరని నాకు అనుభవం మీద తెలుసు.

నా ఉద్యోగం హెల్ప్‌డెస్క్. గోదాములో ఎవరి పాస్‌వర్డ్ పోయినా నా బల్ల దగ్గరికి రావాలి. పండగ సెలవు తర్వాతి రోజు నా బల్ల ముందు క్యూ దవాఖానలో ఓపీ క్యూను మించి ఉండేది. అందరూ నన్ను 'పాస్‌వర్డ్ అంకుల్' అనేవారు. నాకు పేరుందని, అది నా మెడలో కార్డు మీద రాసి ఉందని ఎవరికీ తోచేది కాదు. సరే, అది వేరే ఫిర్యాదు.

ఒకరోజు కంపెనీ పాస్‌వర్డ్‌లు తీసేసింది. ఇకమీదట ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గేటు దగ్గర మన ఫోను మీద మనం బొటనవేలు పెడితే చాలు. ఫోనులో ఒక రహస్యపు తాళంచెవి ఉంటుంది, వేలు పెడితే అది మేలుకుని గేటుకు కబురు పంపుతుంది, గేటు తెరుచుకుంటుంది. ఇందులో తప్పేమీ లేదు. నిజానికి నేను చాలా సంతోషించినవాణ్ణి. తాళంచెవి మంచిదే. అది ఎవరిది అని ఏ గుర్తుతో రాసుకుంటామన్నదే గొడవ.

దాని మీద ఒక సమావేశం పెట్టారు. నన్నూ పిలిచారు. వెళ్లేసరికి నా కుర్చీలో ఎవరిదో ల్యాప్‌టాప్ బ్యాగు కూర్చుని ఉంది. తీయమని అడిగితే "ఒక్క నిమిషం సార్" అన్నారు. ఆ నిమిషం సమావేశం అయ్యేదాకా సాగింది, నేను నిలబడే విన్నాను. సాఫ్ట్‌వేర్ రాసిన బృందానికి పెద్ద ఒక కోస్తా కుర్రాడు. మంచి మర్యాదస్థుడు. మర్యాదగానే ఎవరి మాటా వినడు.

"ప్రతి మనిషికీ ఒక ఫోను ఉంటుందండి. ప్రతి ఫోనుకీ ఒక నంబరు ఉంటుంది. కాబట్టి ఫోను నంబరే ఖాతా. చాలా సింపులండి," అన్నాడు.

"నంబరు మారితే?" అని అడిగాను గోడ దగ్గర నుంచి.

"మారదండి."

"ఇద్దరికీ ఒకటే నంబరు ఉంటే?"

"అలా ఉండదు కదండీ. అది ఎడ్జ్ కేస్, లక్షలో ఒకరికి వచ్చేది. తర్వాత చూద్దాం."

"బాబూ, నంబరంటే మనిషికి కబురందే చోటు. మనిషి కాదు. ఖాతాకు ఏ అర్థమూ లేని అంకె ఒకటి పుట్టించి పెట్టు. ఎవరితోనూ పంచుకోలేనిది, ఎప్పటికీ మారనిది. పేరు, నంబరు పక్కన రాసుకో, అవి మారితే మారతాయి," అన్నాను.

మేనేజరు గడియారం చూసుకుని "నోటెడ్" అన్నాడు. అందరూ సమోసాల వైపు లేచారు. నా దాకా వచ్చేసరికి పళ్లెంలో పచ్చిమిరపకాయలు మిగిలాయి.

మా గోదాములో కూలీలు మేస్త్రీల కింద ఉంటారు. కొత్తూరు వైపు నుంచి వచ్చే ఒక మేస్త్రీ కింద పదిమంది పనిచేసేవారు. ఏ కాగితం మీద ఫోను నంబరు అడిగినా ఆ పదిమందీ మేస్త్రీ నంబరే ఇస్తారు. ఇందులో మోసమేమీ లేదు, అది అక్కడి పద్ధతి. వాళ్ల సిమ్‌లు ఏ నెల ఏ ఆఫరు బాగుంటే దానికి మారిపోతుంటాయి. రీచార్జి లేక కొన్నాళ్లు మూగపోతాయి. మేస్త్రీ ఫోను ఒక్కటే ఎప్పుడూ మోగుతుంది. ఏ షిఫ్టు, ఎవరు రావాలి, ఎవరికి సెలవు, అన్నీ దానికే వస్తాయి, ఆయన అందరికీ అరిచి చెబుతాడు. ఆ పల్లెల్లో ఎవరిని అడిగినా ఈ సంగతి చెప్పేవారు. అడగడానికి ఒక అరగంట బండి మీద వెళ్లాలి, అంతే.

పేర్లు నమోదు చేసే రోజు నా కళ్లతో చూశాను. పదిమందీ తలా ఒక ఫోను పట్టుకుని వరసలో నిలబడ్డారు. నంబరు అడిగిన చోట మేస్త్రీ నంబరు కొట్టారు. ఓటీపీ మేస్త్రీ ఫోనుకు వచ్చింది. ఆయన కుర్చీ వేసుకుని, లాటరీ తీసినట్టు గట్టిగా చదువుతూ పోయాడు.

"రాసుకో రాసుకో! నాలుగు, నాలుగు, ఏడు... అరే, గా ఏలు తుడుచుకోని పెట్టు! నూనె చేతులతోని పెడితే ఎట్ల పడతది?"

నేను పరుగున వెళ్లాను. "మేస్త్రీ, ఇట్లా చేయకూడదు. మీ అందరిదీ ఒకే ఖాతా అయిపోతుంది."

"ఒకటే ఉంటే మంచిగనే ఉంటది కదా పెద్దసారు? మేమంత ఒకటే," అని నవ్వాడు.

మనిషికి రెండు ఫోన్లుండొచ్చని, ఒక ఖాతాకు ఎన్ని తాళంచెవులైనా ఉండొచ్చని సాఫ్ట్‌వేర్‌లో దయగా రాసిపెట్టారు. ఒక మనిషికి పదకొండు ఫోన్లేమిటి, పదకొండు బొటనవేళ్లేమిటి అని అది అడగలేదు. అందరికీ మేస్త్రీ పేరు మీదే పచ్చ టిక్కు వేసి లోపలికి రానిచ్చింది. కూలి డబ్బు తలలు లెక్కపెట్టి మేస్త్రీ చేతికే ఇచ్చేవారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఆ రోజే మొదటి ఫిర్యాదు పెట్టాను. రెండు రోజుల్లో 'పరిష్కారమైంది' అని మూసేశారు. నేను మళ్లీ తెరిచాను. వాళ్లు మళ్లీ మూశారు. అప్పటి నుంచి తెరవడం నా పని, మూయడం వాళ్ల పని.

ఆ పదిమందిలో ఒకామె గురించే ఇదంతా. మందుల పెట్టెలు ఉంచే కోల్డ్ రూమ్ ఆమె చేతుల మీద నడిచేది. నడివేసవిలో కూడా చీర మీద స్వెట్టరు, తలకు మంకీ క్యాప్. బయటికొచ్చి టీ తాగేటప్పుడు గేటు దగ్గర క్యాబ్ డ్రైవర్లు "అక్కా, ఊటీకెల్లి ఎప్పుడొచ్చినవ్?" అని ఆటపట్టించేవారు. "నువ్వు ఎండల మాడుతున్నవని నీకు సల్లగాలి తెచ్చిన, తీస్కో," అనేది. ఆమెది శంషాబాద్ దగ్గరి ఊరే. ఇంటి దగ్గర కొంత సాగు, ఇక్కడ ఉద్యోగం. కొత్తగా వచ్చినవాళ్లకు ఏ పెట్టె ఏ అరలో, తలుపు ఎంతసేపు తెరవొచ్చు అన్నీ ఆమే నేర్పేది. కంపెనీ వాళ్లు ఒకసారి కెమెరా తెచ్చి, ఆమె పనిచేస్తుండగా శిక్షణ వీడియో కూడా తీసుకున్నారు.

కొన్నాళ్లకు క్యాంటీన్ గోడ మీది తెరలో మేస్త్రీ బొమ్మ వెలిగింది. ఉత్తమ కార్మికుడట. మూడు షిఫ్టుల్లోనూ హాజరు. కోల్డ్ రూమ్‌లో, లోడింగ్‌లో, ప్యాకింగ్‌లో ఏకకాలంలో పని. ఒక్కరోజూ సెలవు లేదు. ఈ వార్త చెప్పడానికి వెళ్లిన సూపర్‌వైజరుకు ఆయన హైవే పక్కన టీకొట్టులో క్యారంబోర్డు ముందు దొరికాడు.

"నాకా? నేనేం జేసిన?" అన్నాడట పాపం.

శాలువా కప్పారు. మనిషి నిద్రపోకుండా నెలల తరబడి ఎలా పనిచేస్తాడని అడిగిన పెద్దమనిషి ఆ సభలో ఒక్కడూ లేడు. "నిబద్ధత అంటే ఇదీ," అన్నాడు మేనేజరు. నేను చేయి ఎత్తాను. ఫొటోకు అడ్డం వస్తున్నానని పక్కకు జరగమన్నారు.

ఇంతవరకు నవ్వులాటే. కొత్త గేట్లు వచ్చి రెండేళ్లు దాటాక నోటీసు వచ్చింది. కోల్డ్ రూమ్‌కు ఒక సూపర్‌వైజరు కావాలి. సిస్టంలో రెండేళ్ల పని నమోదై ఉన్నవాళ్లను మేస్త్రీ కింద నుంచి తీసి కంపెనీ సొంత ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఆ ఉద్యోగం ఆమెదేనని గోదాములో పిల్లిని అడిగినా చెబుతుంది. ఆమె కొత్త చీర కట్టుకుని, ఆ రోజు మంకీ క్యాప్ లేకుండా హెచ్‌ఆర్ గదికి వెళ్లింది. కాసేపటికి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, నేను లేనంట."

"అంటే ఏమిటి చెల్లె?"

"కంప్యూటర్ల కొట్టి చూసింది గా పిల్ల. గిట్లాంటి మనిషి లేదక్కా అంటున్నది. నేను ఎదురుంగనే కూసున్న కదనే అన్న. మీరు కూసున్నరు గాని సిస్టంల లేరు అంటున్నది. మరి పొద్దుగాల గేటు తెరిసింది ఎవలకే అని అడిగిన."

"ఏమంది?"

"మేస్త్రీకి తెరిసిందంట."

అర్హుల వరసలో మొదటి పేరు మేస్త్రీదే. రెండో పేరు లేదు.

మరునాడు మేస్త్రీ కూడా నా దగ్గరికి వచ్చాడు, పరేషాన్‌గా. "పెద్దసారు, నాకెందుకు గా సల్లటి రూము? ఒక్క గంటల నిమోనియా వస్తది. గా పని నేను జేయలే, అక్క జేసింది అని రాసిస్త. ఆమెకే ఇయ్యుమని చెప్పుండ్రి."

మనిషి మంచివాడే. అతన్ని వెంటబెట్టుకుని హెచ్‌ఆర్‌కు వెళ్లాను. "నా ఖాతాలోని పని నాది కాదు" అని చెప్పడానికి సిస్టంలో ఒక వీలుంది. కానీ ఆ మాట చెబుతున్నది ఆయనేనని ముందు రుజువు కావాలి. బొటనవేలు పెట్టమన్నారు, పెట్టాడు. వెంటనే తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. 'ఖాతాదారు స్వయంగా ధ్రువీకరించారు. ఈ ఖాతాలోని పనంతా ఈ వ్యక్తిదే.' కింద ఉన్న పెట్టెలో 'కాదు' అని రాసే లోపలే తెర మూసుకుపోయింది. ఆ హెచ్‌ఆర్ పిల్ల మా ఇద్దరినీ చూసి, "అయిపోయింది సార్, కన్ఫర్మ్ అయింది," అంది.

ఫిర్యాదు మళ్లీ తెరిచాను. మూశారు.

అసలు రోజు వచ్చింది. మందుల కంపెనీ నుంచి పెద్దలు గోదాము చూడటానికి వచ్చారు. పాస్‌వర్డ్ లేని గేట్లు వాళ్లకు చూపించాలి. పక్కపక్కనే మూడు గేట్లు, ఒక్కోదాని మీద ఆ రోజు కోసం కొత్తగా పెట్టిన తెర. కోస్తా కుర్రాడు కోటు వేసుకుని వచ్చాడు. ఉత్తమ కార్మికుడి చేత మొదటి గేటు తెరిపించాలని ఎవరికో గొప్ప ఆలోచన వచ్చింది. నేను ఎవరి అనుమతీ అడగలేదు. అడిగితే నోట్ చేసుకుంటారు. కోల్డ్ రూమ్ దగ్గరికి వెళ్లి ఆమెతో అన్నాను:

"చెల్లె, వాళ్లంతా గేట్ల ముందు ఉన్నప్పుడు నువ్వు రెండో గేటు నుంచి లోపలికి రా. ఇంకొకరిని మూడో గేటుకు తీసుకురా. రోజూ వచ్చినట్టే రండి. ఏమీ మాట్లాడొద్దు."

"నా పని పోదు కదా అన్నా?"

"నువ్వు లేవన్నారు కదా. లేనిదానికి పనెట్లా పోతుంది?" అన్నాను. ఆమె నవ్వలేదు. నన్ను ఒకసారి చూసి, క్యాప్ సర్దుకుని బయల్దేరింది.

మేస్త్రీ మొదటి గేటు దగ్గర వేలు పెట్టాడు. తెర మీద ఆయన మీసాల ఫొటో, స్వాగతం. చప్పట్లు. చప్పట్లు ఆగకముందే రెండో గేటు దగ్గర ఆమె వేలు పెట్టింది. తెర మీద అవే మీసాలు, అదే స్వాగతం. మూడో గేటు దగ్గర లోడింగ్‌లో చేసే ఒక బక్కపలచని మనిషి. మళ్లీ మీసాలు. ముగ్గురూ లోపలికి వచ్చి వరసగా నిలబడ్డారు.

వచ్చిన పెద్దల్లో ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని, "ముగ్గురూ కవలలా?" అని అడిగాడు.

"డిస్‌ప్లే ఇష్యూ అండి," అన్నాడు కుర్రాడు.

అప్పుడు గోదాము భద్రతాధికారి ముందుకొచ్చాడు. మాజీ సైనికుడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా చిన్నది. "ఇప్పుడు మేస్త్రీ మనుషులు లోపల ఎందరున్నారు?"

కుర్రాడు ల్యాప్‌టాప్ చూసి మెల్లగా, "ఒక్కరండి," అన్నాడు.

"నిప్పంటుకుంటే నేను ఎందర్ని బయటికి తేవాలె? ఒక్కన్ని తెచ్చి తలుపు మూయాల్నా?"

ఆయన విజిల్ వేశాడు. గోదాములో ఉన్నవాళ్లందరినీ బయటికి రప్పించి, ఎండలో నిలబెట్టి, వేలెత్తి ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. లారీలు రోడ్డు దాకా ఆగిపోయాయి. అన్నేళ్లలో ఆ గోదాములో మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టింది ఆ ఒక్క రోజే.

నాకు శాలువా కప్పుతారని మీరు అనుకుంటే మీరింకా కొత్తవాళ్లు. భద్రతా లోపాన్ని అతిథుల ముందు ప్రదర్శించినందుకు నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. లోపాన్ని తయారుచేసినందుకు ఎవరికీ ఇవ్వలేదు. కొద్ది వారాలకే సాఫ్ట్‌వేర్ మార్చారు. ఒక్కొక్కరికీ ఒక ఖాతా, దానికి ఏ అర్థమూ లేని, ఎవరితోనూ పంచుకోలేని, ఎప్పటికీ మారని ఒక అంకె. విన్నట్టుందా? విమానాశ్రయం రోడ్డులో ఒక హోటల్లో దాన్ని 'నూతన గుర్తింపు నిర్మాణం' అని కుర్రాడు తెర మీద వేసి వివరించాడు. గోడ దగ్గర నిలబడి నేను చెప్పిన మాటలే, కాస్త రంగులద్ది. నన్ను పిలవలేదు. కంపెనీ బండి నడిపే డ్రైవరు చెప్పాడు. "నీ మాటలే అన్నా, నేను బయట నిలబడి ఇన్న. బిర్యానీ మాత్రం మంచిగుండె."

పోనీ, ఆ మాట వాళ్లదే అనుకోనీ. ఆమె సంగతి?

అందరికీ కొత్త ఖాతాలిచ్చారు. ఖాతా కొత్తది కాబట్టి అనుభవం సున్న. పాత పనంతా మేస్త్రీ ఖాతాలోనే ఉండిపోయింది. నేను కుర్రాడి దగ్గరికి వెళ్లాను. "బాబూ, ఖాతా ఒకటైనా తాళంచెవులు పదకొండు కదా. ఏ ఫోనులోని తాళంచెవి ఏ తలుపు తీసిందో సిస్టంలో ఇంకా ఉంది. కోల్డ్ రూమ్ తలుపు తీసింది ఆమె ఫోను. ఆమె ఫోను మార్చలేదు, వేలు మార్చలేదు. ఆ తాళంచెవిని, దాని పనిని ఆమె కొత్త ఖాతాకు కలుపు. నీకు ఒక పూట పని."

"టెక్నికల్‌గా చేయొచ్చండి. కానీ పాలసీ ఒప్పుకోవాలి. మేనేజర్ గారిని అడగండి."

మేనేజరును అడిగాను. "పాలసీకి అభ్యంతరం లేదు. టెక్నికల్‌గా వాళ్లు చేయగలమంటే చేస్తాం. వాళ్లను అడగండి."

ఇద్దరూ ఒకే అంతస్తులో, ఒకే కాఫీ యంత్రం దగ్గర కలుస్తారు. నేను ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుండగా ఆ ఉద్యోగానికి గడువు దాటింది. బయటి నుంచి ఒకాయన్ని తెచ్చి కోల్డ్ రూమ్ సూపర్‌వైజర్‌గా పెట్టారు.

ఆమెకు 'కొత్తగా చేరినవారికి శిక్షణ' అని కబురు వచ్చింది. వీడియో చూసి ప్రశ్నలకు జవాబు చెప్తేనే కోల్డ్ రూమ్‌లోకి మళ్లీ రానిస్తారు. శిక్షణ గది నా బల్ల పక్కనే. లైట్లు తీశారు, వీడియో మొదలైంది. తెర మీద చీర మీద స్వెట్టరు, మంకీ క్యాప్. ఆమే. పెట్టె ఎలా ఎత్తాలో, తలుపు ఎలా మూయాలో చేసి చూపిస్తోంది. కింద కుర్చీలో ఆమె కూర్చుని చూస్తోంది. పక్కన కూర్చున్న కొత్త పిల్ల ఒకసారి తెరను, ఒకసారి ఆమెను చూసి గట్టిగానే అడిగింది.

"అక్కా, గామె నువ్వే కదా?"

"నేను గాదు బిడ్డా," అందామె. "నాకు అనుభవం లేదంట. గామెకు మస్తుగున్నది. మంచిగ చూసి నేర్చుకో."

బయటికి వచ్చాక నా బల్ల దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. "అన్నా, ఉద్యోగం పోతే పోనీ. మల్ల ఎప్పుడన్న పడతది. గా రెండేండ్లు నేను జేసిన అని ఒక్క మాట రాయిస్తవా? రేపు ఇంకో గోదాముల అడిగితే ఏం చూపియ్యాలె నేను?" అంది. రాయిస్తానని మాటిచ్చాను. నేను కంపెనీ తరఫున ఎవరికీ మాటివ్వగల మనిషిని కానని ఆ క్షణం గుర్తు రాలేదు.

ఆ మాట కోసమే చివరి రోజు దాకా ఫిర్యాదు తెరుస్తూనే ఉన్నాను. వీడ్కోలు సభలో మేనేజరు నా భుజం మీద చెయ్యేసి, "ఈయన ఏ ఫిర్యాదునూ చావనివ్వడు," అన్నాడు. అందరూ నవ్వారు. గోడ గడియారం ఇచ్చారు, అది నడవదు. నేను ఇంకా గేటు దాటక ముందే నా ఖాతా తీసేశారు. మర్నాడు నా ఫిర్యాదు ఏమైందో చూడమని హెల్ప్‌డెస్క్‌లోని కొత్తాయన్ని అడిగాను. పాపం, చూసి చెప్పాడు. 'ఫిర్యాదుదారు సిస్టంలో లేరు. మూసివేయబడింది.'

పిల్లలూ, మీరు రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాస్తారు. పాస్‌వర్డ్ తీసేయండి, వద్దనను. తాళంచెవిని ఎవరికి కడుతున్నారో మాత్రం ఒకసారి గేటు దగ్గరికి వచ్చి చూసి కట్టండి. తప్పు కడితే, దిద్దేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కటే దిద్ది చేతులు దులుపుకోకండి. ఆ తప్పులో ఇరుక్కున్న మనిషి చేసిన పని మనిషికి తిరిగి ఇచ్చేయండి.

ఇక ఆ కుర్రాడికి, ఆ మేనేజరుకు. నేను లేనని మీ సిస్టం అంటోంది. నేనున్నాను. బడంగ్‌పేట్‌లో ఉంటున్నాను, బస్సెక్కి మీ గేటు దాకా రాగలను, గేటు తెరవకపోతే బయట నిలబడగలను. ఆమె ఈ పొద్దు కూడా అదే ఫోను మీద అదే వేలు పెట్టి లోపలికి వచ్చింది. ఆ రెండేళ్లు కోల్డ్ రూమ్‌లో పనిచేసింది ఎవరు? ఒప్పుకుంటారో, కాదంటారో, ఎవరో ఒకరు మీ పేరు పెట్టి, సంతకం చేసి, ఆమెకు రాసివ్వండి. 'పరిష్కారమైంది' అని కాదు. జవాబు రాయండి.